ప్రతి యాభయ్యో పేరు

మా అప్పలస్వామి మాస్టారిని ప్రశ్న అడగడమంటే కోరి పని నెత్తికెత్తుకోవడమే. అడిగినదానికి ఆయన నోటితో జవాబు చెప్పిన పాపాన పోలేదు. నేను ఆయన దగ్గర వ్యాయామ శిక్షణ పొందే రోజుల్లో మాతోటి ట్రైనీ ఒకతను, ఈల గట్టిగా ఊదాలా మెల్లగా ఊదాలా మాస్టారూ అని అడిగాడు. మాస్టారు ఏమీ అనకుండా అతని మెడలోంచి ఈల తీసి తన జేబులో వేసుకున్నారు. వారం రోజులపాటు అతను ఈల లేకుండా అరవై మంది పిల్లల్ని ఆడించాడు. ఎలా ఆడించాడో, ఎంత గొంతు పోగొట్టుకున్నాడో మాకే తెలుసు. వారం తర్వాత ఈల చేతికొచ్చింది గానీ ఆ ప్రశ్న మళ్ళీ అతని నోట రాలేదు. అలాంటి మనిషి దగ్గరికి వెళ్ళి, ఏది న్యాయం మాస్టారూ అని అడిగాడు మా తవిటినాయుడు. అడిగింది వాడు. అనుభవించింది నేను.

నా పేరు వరహాలమ్మ. టౌను హైస్కూల్లో డ్రిల్లు టీచర్ని, ఇరవై రెండేళ్ళ సర్వీసు. టౌను పేరు చెప్పను, చెబితే లేనిపోని తగువులు. తవిటినాయుడు నాకన్నా పదిహేనేళ్ళు చిన్నవాడు, కొండ కింద గుమ్మడివలస హైస్కూల్లో అదే ఉద్యోగం చేస్తాడు. ఇద్దరం మాస్టారి శిష్యులమే కాబట్టి నన్ను అక్కా అంటాడు, నేను వాణ్ణి ఏరా అంటాను. వాడి బడిలో మొత్తం పిల్లలు తొంభై ఆరుగురు, అందులో ఆడపిల్లలు నలభై ఒకరు. నా బడిలో పదకొండు వందల ఎనభై మంది, ఆడపిల్లలే ఆరు వందల ముప్పై. ఈ అంకెలు ఎందుకు చెబుతున్నానంటే గొడవంతా వీటి గురించే.

ఏటా వానలు వెనకబట్టాక మా డివిజన్లో బళ్ళ మధ్య పోటీలు జరుగుతాయి. ఆడపిల్లల ఖోఖోలో పదకొండేళ్ళుగా కప్పు మాదే. మొదటి రోజు, అతిథులంతా కుర్చీల్లో కూర్చుని ఉండగా ప్రారంభ పోటీ ఒకటి పెడతారు. కిందటేడు కప్పు గెలిచిన బడికీ, అందరిలోకీ చిన్న బడికీ ఆ పోటీ జరగడం మా డివిజన్లో ఆనవాయితీ. ఎప్పుడు ఎవరు మొదలెట్టారో గానీ కారణం మాత్రం అందరికీ తెలుసు. ఆట తొందరగా ముగుస్తుంది, అతిథులు ఎండెక్కకుండా వెళ్ళిపోవచ్చు. అలా ఏటా మా పిల్లలతో పడి, ఏటా మొదటి గంటలోనే ఇంటిదారి పట్టే బడి గుమ్మడివలస. వాళ్ళు తెల్లారకుండా ఆటోల్లో బయల్దేరి వస్తారు. పదిన్నరకల్లా మళ్ళీ అవే ఆటోలు ఎక్కుతారు. వాళ్ళ టిఫిను డబ్బాలు విప్పేది ఆటోల్లోనే. నేను ఏటా ఇది చూస్తూనే ఉన్నాను. నిజం చెప్పొద్దూ, పెద్దగా బాధపడలేదు.

ఆ బుధవారం సాయంత్రం మేమిద్దరం మాస్టారింటికి వెళ్ళాం. మాస్టారు రిటైరై ఆరేళ్ళయినా మా డివిజను క్రీడా సంఘానికి ఆయనే అధ్యక్షుడు. ఆయన సంతకం లేనిదే ఏ తీర్మానమూ కదలదు. తవిటినాయుడు ఆ సంఘానికి ఈ ఏడే కార్యదర్శి అయ్యాడు. సంచిలోంచి పెద్ద కాగితం ఒకటి తీశాడు. డివిజన్లో ముప్పై నాలుగు హైస్కూళ్ళు ఉన్నాయి. రెండు ఆదివారాలు బండి మీద తిరిగి, హెడ్మాస్టర్ల ఇళ్ళకే వెళ్ళి, ఒక్కో బడిలో పిల్లలెంతమందో సంతకం పెట్టించి మరీ రాసుకొచ్చాడు. నాలుగు వందలు దాటిన బళ్ళు పెద్ద విభాగం, ఆ లోపువి చిన్న విభాగం. ఎవరి పోటీ వాళ్ళకి, ఎవరి కప్పు వాళ్ళకి. సోమవారం సంఘం సమావేశం. ఆ లోపు మాస్టారి సంతకం పడాలి.

మాస్టారు అరుగు మీద కూర్చుని చిరిగిన వాలీబాల్ నెట్టుకి ముళ్ళు వేస్తున్నారు. కాగితం వైపు చూశారు గానీ చెయ్యి చాచలేదు.

“మాస్టారూ, తప్పయితే తిట్టండి,” అన్నాడు తవిటినాయుడు. “ఆరు వందల ముప్పై మంది ఆడపిల్లల్లోంచి పన్నెండుగుర్ని ఏరుకోవడమూ, నలభై ఒక్కరిలోంచి పన్నెండుగుర్ని వెతుక్కోవడమూ ఒకటేనా? ఇద్దర్నీ ఒకే గ్రౌండులోకి దింపి, ఆడుకోండర్రా అనడం న్యాయమేనా?”

నాకు ఒళ్ళు మండింది. మాస్టారు ఎలాగూ నోరు విప్పరు కదాని నేనే అందుకున్నాను. “ఏరా తవిటీ, మా బడి పెద్దదవడం మా పిల్లల తప్పేటి? పదో తరగతి పరీక్షల్లో మీ బడికి వేరే పేపరిస్తన్నారా? చేతనైతే మమ్మల్ని గెలిచి కప్పు పట్టుకెళ్ళండి, వద్దన్నామా? కప్పుని రెండు చేసి చెరోటీ తీసుకుందాం అంటే దాన్ని ఆటంటారా, వాటాలంటారా?”

“చేతనవడానికి ఏం తక్కువ చేశామో చెప్పక్కా,” అన్నాడు వాడు. గొంతు పెంచలేదు. అందుకే నాకు ఇంకా కోపమొచ్చింది. “మా ఢిల్లీశ్వరి ఉంది, నువ్వు చూశావు. ఆరో తరగతి నుంచి ఆడతంది. నాలుగేళ్ళు ప్రారంభ పోటీలో మీతో పడింది, నాలుగేళ్ళూ పదిన్నరకి ఆటో ఎక్కింది. ఈ ఏడు పదో తరగతి, ఆ పిల్లకి ఇదే ఆఖరు. నాలుగేళ్ళలో ఒక్కనాడూ పొద్దుటి పూట ప్రాక్టీసు మానలేదు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, మధ్యాహ్నం భోజనం ఆ గ్రౌండులో కూర్చుని తిననీ. అంతకన్నా నేనేమీ అడగట్లేదు.”

నేను ఊరుకునే రకాన్ని కాను కాబట్టి, ఓడినా పెద్దవాళ్ళ చేతిలో ఓడితేనే పిల్లలకి ఆట అబ్బుతుందని ఏదో అన్నాను. వాడు, ఎన్నేళ్ళకి అబ్బుతుందక్కా అన్నాడు. నేను ఇంకోటి అన్నాను, వాడు ఇంకోటి అన్నాడు. మాస్టారు మాత్రం ముడి మీద ముడి వేసుకుంటూ పోయారు. మేమిద్దరం అలిసిపోయాక, నెట్టు పక్కన పెట్టి అడిగారు.

“ఒరే తవిటీ, ఆ అంకెలు ఎక్కడివి?”

“హాజరు రిజిస్టర్లలోవి మాస్టారూ. ఒక్కటీ కాకి లెక్క కాదు.”

“సరే. వరాలూ, శనివారం పొద్దున్న మీ రిజిస్టర్లన్నీ గ్రౌండులోకి తెప్పించు. ఒరే, నువ్వు నీ జట్టుని తీసుకురా. ఐదేసి నిమిషాలు ఖోఖో ఆడిద్దాం. నీ పిల్లల్ని నువ్వే ఎంచుకో. వరాలు పిల్లల్ని నేను పిలుస్తాను. రిజిస్టర్లో ప్రతి యాభయ్యో ఆడపిల్ల.”

ఆరు వందల ముప్పైకి యాభయ్యో పేరు చొప్పున పన్నెండుగురు. లెక్క సరిపోయింది గానీ నాకు నచ్చలేదు. “అదేంటి మాస్టారూ, నాకు జట్టుంది కదా. పన్నెండుగురూ రెండు పూటలా గ్రౌండులోనే ఉంటారు.”

“ఈ కాగితం మీదున్న అంకె జట్టుది కాదు కదమ్మా, బడిది. బడినే ఆడనీ.”

“మరి సంతకం?” అన్నాడు తవిటినాయుడు.

“ఆట అయ్యాక,” అని మాస్టారు మళ్ళీ నెట్టు ఒళ్ళోకి తీసుకున్నారు.

ఇంటికి నడుస్తూ నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. పదకొండేళ్ళుగా ప్రతి సోమవారం ప్రార్థన సభలో, మాది ఖోఖో బడి అని మైకులో చెప్పేదాన్ని నేనే. ప్రహరీ గోడ మీద రంగులతో ఆ మాట రాయించిందీ నేనే. అలాంటి బడిలో ఎవర్ని పిలిస్తే మాత్రం ఏం, ఆ మాత్రం ఆడలేరా అనుకున్నాను. అలా అనుకున్నానంటే ఎవరైనా నమ్ముతారా? ఇరవై రెండేళ్ళు ఆ గ్రౌండులోనే ఎండిన మనిషిని, నాకు నా బడి తెలియదంటే ఎవరు నమ్ముతారు?

శనివారం తొమ్మిదింటికి క్లాసు టీచర్లు రిజిస్టర్లు తెచ్చి బల్ల మీద పేర్చారు. మా వైపు రిజిస్టర్లలో ఆడపిల్లల పేర్లు ఎర్ర సిరాతో రాయడం అలవాటు. మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని, ఎర్ర పేర్ల మీద వేలు పెట్టి లెక్కబెట్టుకుంటూ వెళ్ళారు. యాభైకి ఆగి పేరు చదివితే ప్యూను పరిగెత్తుకెళ్ళి ఆ పిల్లని క్లాసులోంచి తీసుకొస్తున్నాడు. ఇద్దరు ఆ రోజు బడికి రాలేదు, వాళ్ళ తర్వాతి పేర్లు పిలిచారు. మొదట వచ్చింది ఆరో తరగతి పిల్ల, యూనిఫారం పాదాలదాకా ఉంది. తర్వాత వచ్చినామె కళ్ళజోడు సర్దుకుంటూ, మేడమ్, నాకు లెక్కల టెస్టుంది, ఎంతసేపు పడుతుంది అంది. ఒకామె గ్రౌండు మెట్ల మీదే ఆగిపోయింది. రామ్మా అన్నాను. లోపలికి రావచ్చా మేడమ్ అని అడిగింది. ఆ మాట ఎందుకడిగిందో నాకు వెంటనే అర్థమైంది. సున్నం గీతలు చెరిగిపోతాయని, జట్టులో లేని పిల్ల ఎవరైనా గ్రౌండులో కాలు పెడితే కేకలేసి తరిమేది నేనే. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, గీతలు తొక్కకుండా దాటుకుంటూ వచ్చింది ఆ పిల్ల. తొమ్మిదో తరగతి, పేరు హైమావతి.

అవతల గుమ్మడివలస పిల్లలు అప్పటికే వరసగా నిలబడి ఉన్నారు. పొట్టివాళ్ళు, పొడుగువాళ్ళు, కాస్త బొద్దుగా ఉన్న పిల్ల ఒకతె, అందరూ కలిపి పన్నెండుగురు. ముందు ఢిల్లీశ్వరి, సన్నగా, నల్లగా, జడ మడిచి కట్టేసుకుని నిలబడింది. నా అసలు జట్టు నీలం ట్రాకుసూట్లలో గోడ పక్కన నిలబడి చూస్తోంది. మేం దిగుతాం మేడమ్ అని రెండుసార్లు వచ్చి అడిగారు. వాళ్ళని పంపించేశాను గానీ, వాళ్ళు అడిగినప్పుడల్లా నా ప్రాణం లాగేసింది. పై వరండాల్లో బడి బడంతా వచ్చి నిలబడింది. ఆట జరుగుతుంటే చూడనివ్వడం మా బడిలో ఎప్పుడూ లేదు. గోల చేస్తారని తలుపులు వేయించేవాళ్ళం.

ముందు మా వాళ్ళు తరమాలి. ఖోఖో తెలిసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్ళకి ఒక్క మాట. ఎనిమిది మంది వరసగా గడుల్లో కూర్చోవాలి, ఒకరు ఇటు చూస్తే పక్కనున్నవారు అటు చూడాలి. తొమ్మిదో మనిషి తరుముతూ, వెనకనుంచి ఒకరి వీపు తట్టి ఖో అంటే, వాళ్ళు లేచి తరమాలి. మా ఎనిమిది మందీ వెళ్ళి ఒకే వైపు మొహం పెట్టి కూర్చున్నారు, బస్సులో సీట్లలో కూర్చున్నట్టు. వరండాల్లో నవ్వులు. నాకు తల తీసేసినట్టయింది. నేను కదలబోతే మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు. అప్పుడు గుమ్మడివలస బొద్దుపిల్ల వచ్చి, ఒకరు విడిచి ఒకర్ని భుజాలు పట్టుకుని ఇటు తిప్పి కూర్చోబెట్టింది. మా కళ్ళజోడు పిల్ల థాంక్స్ అంది. పోటీలో అవతలి జట్టుకి థాంక్స్ చెప్పడం నేను అప్పుడే విన్నాను.

ఈల పడింది. ఐదు నిమిషాలు మా వాళ్ళు పరిగెత్తారు. ఎటు పరిగెత్తాలో తెలియక పరిగెత్తారు. ఖో అనడం మర్చిపోయి వీపు మీద తట్టారు, తట్టడం మర్చిపోయి ఖో అన్నారు. ఆరో తరగతి పిల్ల యూనిఫారం కాళ్ళకి అడ్డం పడి బోర్లా పడింది, లేచి నవ్వుతూ మళ్ళీ పరిగెత్తింది. చివరికి ఔటైంది ఒకే ఒక్కరు, అది కూడా నవ్వాపుకోలేక గీత దాటేసిన గుమ్మడివలస పిల్ల. ఆరు వందల ముప్పై మంది ఉన్న ఖోఖో బడికి ఒక్క పాయింటు.

తర్వాత గుమ్మడివలస వాళ్ళు కూర్చున్నారు, మా వాళ్ళు ముగ్గురేసి చొప్పున దిగారు. చూడకూడదనుకున్నా చూశాను. ఢిల్లీశ్వరి లేచిందంటే ఒకరు ఔటవ్వాల్సిందే. మూడు నిమిషాలు తిరక్కుండా ఎనిమిది మంది అయిపోయారు. గ్రౌండులో ఒక్క హైమావతి మిగిలింది. ఆ పిల్ల రెండు స్తంభాల మధ్య నిలబడి, పెదవి కొరుక్కుంటూ, తరిమేవాళ్ళ మొహాలు కాదు, కాళ్ళు చూస్తోంది. కాళ్ళు చూడండర్రా అని నా జట్టుకి నేర్పడానికి నాకు రెండేళ్ళు పడుతుంది. ఢిల్లీశ్వరి చెయ్యి చాచింది, అందలేదు. ఖో ఇచ్చింది, ఇంకొకరు లేచారు, అందలేదు. హైమావతి వరసలోంచి దూరి అటు వెళ్ళింది, స్తంభం చుట్టూ తిరిగి ఇటొచ్చింది. వరండాల్లో నవ్వులు ఆగిపోయాయి. ఎవరో హైమా అని అరిచారు, ఆ తర్వాత అందరూ అరిచారు. గోడ పక్కనున్న నా నీలం జట్టు కూడా అరిచింది. ఢిల్లీశ్వరి ఆఖరుసారి నేలకి సమానంగా దూకింది, మోచేతులు చీరుకుపోయాయి, వేలి చివర ఆ పిల్లకి బెత్తెడు దూరంలో ఆగింది. మాస్టారు ఈల వేశారు. రెండు నిమిషాల పైచిలుకు ఆ పిల్లని ఎవరూ ముట్టుకోలేకపోయారు.

ఎనిమిదికి ఒకటి. గుమ్మడివలస గెలిచింది. టౌను హైస్కూల్ని ఆ బడి గెలవడం అదే మొదటిసారి. తవిటినాయుడు కళ్ళు తుడుచుకుంటున్నాడు, నేను చూడనట్టు నటించాను. కానీ పిల్లలు గెంతలేదు. నీళ్ళు తాగి, మోచేతుల మట్టి దులుపుకుని, మా వాళ్ళ మధ్యే చేరి కూర్చున్నారు. బొద్దుపిల్ల మా ఆరో తరగతి పిల్లకి యూనిఫారం ఎలా దోపుకోవాలో చూపిస్తోంది.

నేను హైమావతి దగ్గరికి వెళ్ళాను. ఉండబట్టలేక అడిగాను. “ఎక్కడ నేర్చుకున్నావే?”

“నేర్చుకోలేదు మేడమ్. మా వీధిలో తమ్ముళ్ళతో ఆడతాను.”

“మరి ఇన్నేళ్ళు ఈ బళ్ళో ఉండి నా దగ్గరికి ఎందుకు రాలేదు?”

ఆ పిల్ల నన్ను నొప్పించకూడదని మాటలు వెతుక్కుంది. అది కనబడుతూనే ఉంది. తర్వాత మెల్లగా అంది, “ఆరో తరగతిలో వచ్చాను మేడమ్. పన్నెండుగురూ నిండిపోయారన్నారు.”

నాకు గుర్తు లేదు. ఎంత ఆలోచించినా ఆ రోజు గుర్తు రాలేదు. అదే నాకు ఎక్కువ సిగ్గనిపించింది. ఏటా ఎంతమందితో ఆ మాట అన్నానో, ఒక్క మొహమూ గుర్తు లేదు. డ్రిల్లు పీరియడ్లన్నీ లెక్కల మాస్టారికీ సైన్సు మేడమ్‌కీ ఇచ్చేశాను. అడిగితే ఇచ్చేది మంచితనమనుకున్నాను. నా పన్నెండుగురు ఆడుతున్నారు, కప్పులొస్తున్నాయి, ఎవరికి నష్టం అనుకున్నాను. ఆరు వందల పద్దెనిమిది మంది ఆడపిల్లలు పై అంతస్తుల్లో తలుపులేసుకుని కూర్చున్నారు. వాళ్ళకి నష్టం అని నాకు ఒక్కనాడూ తోచలేదు.

“సోమవారం ఆఖరి బెల్లు కొట్టాక గ్రౌండుకి రా,” అన్నాను.

“నేనొక్కదాన్నేనా మేడమ్?”

“మీ క్లాసంతా రండి. గీతలు చెరిగితే మళ్ళీ గీద్దాం.”

అనేశాక వెనక్కి తీసుకునే మాట కాదది. ఎవరొచ్చి అడిగినా ఇక డ్రిల్లు పీరియడు ఇవ్వననీ, ఇచ్చినవన్నీ వారంలోగా వెనక్కి తెచ్చుకుంటాననీ అక్కడే నిశ్చయించుకున్నాను. లెక్కల మాస్టారితో పోట్లాట తప్పదు. పోట్లాటలో నేనెప్పుడు వెనక్కి తగ్గాను కనక.

ఇంతలో ఢిల్లీశ్వరి వచ్చి నా ముందు నిలబడింది. మోచేతి మీద రక్తం చారగా కారుతోంది. దాని సంగతే పట్టనట్టుంది. “మేడమ్, డివిజను పోటీల్లో ఈ పిల్లని మీ జట్టులో పెట్టండి,” అంది.

“ఎందుకే? మళ్ళీ మాతో పడాలనుందా?”

“ఉందండి. నాకు దొరకలేదు కదండి. దొరకబుచ్చుకోవాలి.”

దాని వెనకే నిలబడ్డ తవిటినాయుడు ఆ మాట విన్నాడు. చేతిలో కాగితం చుట్ట చుట్టుకుని ఉంది. ఎవరికోసం ఆ కాగితం పట్టుకుని రెండు ఆదివారాలు తిరిగాడో ఆ పిల్ల ఇలా అంటోంది. వాడి మొహంలో సంతోషమో దిగులో నాకు తెలియలేదు, బహుశా వాడికీ తెలియదు. ఏమైనా వాడు పట్టు వదిలే రకం కాదు. నేరుగా మాస్టారి దగ్గరికి వెళ్ళి, బల్ల మీద రిజిస్టర్లు పక్కకి జరిపి, కాగితం విప్పి పరిచాడు. నేనూ వెళ్ళి పక్కన నిలబడ్డాను. పెద్ద విభాగం జాబితాలో మొట్టమొదటి పేరు మా బడిదే. పక్కన 1180 అని రాసి, కింద రెండు గీతలు గీశాడు.

“మాస్టారూ, మా పిల్లలేంటో చూశారు. ఈ ఏడు వీళ్ళకి ఒక దారి చూపించండి. సంతకం పెట్టండి.”

మాస్టారు కాగితం మొత్తం చదివారు. ముప్పై నాలుగు బళ్ళూ, ముప్పై నాలుగు అంకెలూ, ఒక్కోదాని మీదా వేలు ఆనించి చదివారు. తర్వాత అడిగారు, “ఒరే, నీ నలభై ఒక్కరిలో ఆడేవాళ్ళెంతమంది?”

“అందరూనండి,” అన్నాడు తవిటినాయుడు, అదేం ప్రశ్న అన్నట్టు. “రెండు జట్లు కట్టకపోతే ప్రాక్టీసే అవదు కదండి. రొప్పేవాళ్ళూ ఆడతారు, ఏడ్చేవాళ్ళూ ఆడతారు. కాదనడానికి మాకు మనుషులెక్కడున్నారు?”

మాస్టారు తలూపారు. అదే ప్రశ్న నన్నూ అడుగుతారని చేతులు కట్టుకుని నిలబడ్డాను. పన్నెండుగురే అన్న జవాబు నోట్లో సిద్ధంగా పెట్టుకున్నాను. చెప్పేసి, తిట్లు తిని, తల దించుకుందామని ఉంది. ఆయన అడగలేదు. నా వైపు చూడను కూడా లేదు. జేబులోంచి కలం తీసి, మూత విప్పి, సంతకం చేసే చోట పెట్టబోయి ఆగారు. కాగితాన్ని తవిటినాయుడి వైపు తిప్పి, కలం వాడి చేతికిచ్చారు.

“సంతకందేముందిరా, పెట్టేస్తాను. ముందు మీ అక్క బడి ఏ విభాగంలోకి వస్తుందో సరిగ్గా రాసి పట్రా.”